గోడవైపు కొమ్మ

అట్టపెట్టె మూత లోపల నాయిన పెన్సిలు రాత:
ఎనభై తొమ్మిది: 47
తొంభై: 47
తొంభై ఒకటి: 47
ఆ తర్వాత అన్నీ 46.
పక్కన ఒక్క మాట లేదు.
కాగితం మిల్లు గేటు కాడ వెదురు లారీలు లెక్కపెట్టే మనిషి
ఇంట్లో కూడా లెక్కే రాసిండు.

అంతకు ముందు మాకు చెట్టెక్కడిది?
లారీ మీంచి జారిన వెదురు కొసను
డాల్డా డబ్బాలో వార్ధా ఇసుక పోసి నిలబెట్టేది.
రెండో దినానికే ఆకులు చుట్టుకపోయేటివి.
పాస్టరయ్య ప్రార్థనకు వచ్చేసరికి
అది చీపురు.

ఓసారి దీపావళి బోనసు చేతిల పడంగనే
నాగపూర్ పోయి, సీతాబర్డీ గల్లీల్లో తిరిగి
ప్లాస్టిక్ చెట్టు కొనుక్కొచ్చిండు.
బల్లార్షా దాకా ప్యాసింజరు బండిలో ఒళ్ళోనే పెట్టుకున్నడట.
"రోజంతా అడవిని మిల్లులోకి తోలుత,
పండుగనాడన్న ఒక చెట్టును నిలబెట్టద్దా?"
అవ్వ ధర అడిగింది.
నాయిన నీళ్ళు తాగిండు.

ఏ కొమ్మ ఏ తొర్రలోదో తెలిసేటందుకు
సుగుణక్క తీగల కొసలకు గోళ్ళరంగు పూసింది.
కింది వరుస ఎరుపు, నడుమ గులాబి,
పై వరుసకు వచ్చేసరికి సీసా అయిపోయింది.

మంచు రాజురా రోడ్డు మీద దొరికేది.
పత్తి బండ్ల నుంచి రాలిన పింజలు,
గింజలు తియ్యకుండనే అతికించేటోళ్ళం.
నాలుగో నాటికి దాని మీద బొగ్గు దుమ్ము.
బెత్లెహేములో కూడా గనులున్నయని
చానా ఏండ్లు నమ్మిన నేను.

దీపాలు ఖోబ్రాగడే కాకు ఇచ్చేది.
ఏప్రిల్‌ల జయంతికి వాళ్ళ వాడంతా కట్టే మాల,
అన్నీ నీలివే.
వాటికి బదులు అవ్వ గిన్నెడు గరిజెలు పంపేది.
చంద్రాపూర్ పెద్ద చర్చికి పోయేదాకా
క్రిస్మసు నీలిరంగుదనే అనుకున్న.

మిల్లు మూతపడ్డ ఏడు
కాంట్రాక్టరు భార్య చెట్టును బేరానికి చూసింది.
మూడొందలు. రేపొచ్చి తీసుకపోతనంది.
ఆ రాత్రి అక్క ఎప్పుడు లేచిందో!
పొద్దున ఆ ఇల్లాలు వంగి వంగి కొమ్మలు ఎంచింది,
ఒక తొర్ర ఖాళీ.
"కుంటి చెట్టు నాకెందుకు?" అని
రిక్షా మాట్లాడుకొని పోయింది.
నాయిన అక్క దిక్కు చూసిండు.
అక్క రొట్టెల పెనం దిక్కు చూసింది.
అవ్వ ఆ పూట సగం రొట్టెలే చేసింది.

అప్పటి నుంచి ఏటా
ఆ ఖాళీని గోడవైపు తిప్పి నిలబెట్టేది నాయినే.
ఎందుకని ఎవ్వరం అడగలే.

మొన్న కాకు కొడుకు వచ్చిండు, మిలింద్ దాదా.
"ఆయి సందూకలో దొరికింది, మీదేనా?"
నీలి జెండా గుడ్డలో చుట్టి
ఒక కొమ్మ.
కొసన గోళ్ళరంగు, ఎర్రగ.
కాకు పోయి పదిహేను దినాలు.
ముప్పై ఏండ్లు దాచింది, నవ్వుతానే దాచింది,
గరిజెలు తింటానే దాచింది.

చెట్టుకు పెట్టి చూసిన.
అయ్యో, ఎంత పచ్చ!
చిలక రెక్క పచ్చ, వానాకాలపు వరిమడి పచ్చ.
మిగిలిన నలభై ఆరూ
పొయ్యి మీద మరిచిపోయిన చాయ లెక్క.
ఏటా తుడిచినం, ఏటా చూసినం,
నల్లబడుతుందని ఒక్కరికీ తెలియలే.

గోందియాలో ఉన్న అక్కకు ఫోన్ చేసిన.
"దొరికిందా?" అన్నది, అంతే.
తర్వాత చానాసేపు ఆమె వంటింట్లో
కుక్కరు కూతలే వినబడ్డయి.

పత్తి అంటించిన. నీలి మాల చుట్టిన.
దాదా అదీ ఇచ్చి పోయిండు.
ఒక్క కొమ్మే పరాయి చెట్టుదానిలాగ మెరుస్తుంటే
ఏం తోచక
మళ్ళీ గోడవైపే తిప్పిన.

మూత మీద ఈ ఏటి అంకె రాయబోయి
పెన్సిలు చెవి సందున పెట్టుకున్న,
అచ్చం నాయిన లెక్క.